కమ్యూనిటీ కాలేజీలో జీఈ: ఎవరికి ఏ లిస్టు సరిపోతుంది?

మా ఇంట్లో పిల్లలిద్దరూ ఒకే కమ్యూనిటీ కాలేజీలో చేరారు, మూడేళ్ల తేడాతో. పెద్దమ్మాయి 2022 ఫాల్‌లో, చిన్నోడు 2025 ఫాల్‌లో. అవే క్లాసురూములు, అదే లైబ్రరీ, కొందరు ప్రొఫెసర్లు కూడా వాళ్లే, కానీ జనరల్ ఎడ్యుకేషన్, అంటే జీఈ, డిగ్రీ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సుల లిస్టు మాత్రం ఇద్దరికీ వేరు. అక్క జాగ్రత్తగా దాచిన కాగితం తమ్ముడికి పనికిరాలేదు. ఈ మధ్య గుళ్లో కలిసినా, ఎవరింట్లో పుట్టినరోజుకి కలిసినా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: "అక్కా, మా వాడి చేత ఏ జీఈ చేయించమంటారు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి అంతా రాసిపెడితే మేలనిపించింది.

నేను చెప్పేది కాలిఫోర్నియా సంగతి. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి 42 క్రెడిట్ అవర్ల కోర్ కరిక్యులమ్ అని ఒకటుంటుంది, ఫ్లోరిడాలో 36 అవర్లు, వాటి రూల్స్ వాటివే. డాలస్‌లో ఉన్న మీ చెల్లెలి కొడుకు ఏం తీసుకున్నాడో చూసి ఇక్కడ మీ అబ్బాయికి అదే పెట్టించకండి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలి, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) సైకాలజీ, ఎకనామిక్స్, బిజినెస్, కమ్యూనికేషన్, పొలిటికల్ సైన్స్ లాంటిది అయితే కాల్‌గెట్సీ, అంటే ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ల కొత్త జీఈ లిస్టు, పూర్తిగా చేయండి. మేజర్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, కెమిస్ట్రీ లాంటిది, అదీ యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి) అయితే మేజర్ కోర్సులు ముందు, జీఈ తర్వాత. ట్రాన్స్‌ఫర్ ఆలోచనే లేదు, ఇక్కడి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో ఉద్యోగంలోకి వెళ్లాలి అంటే లోకల్ జీఈ, అంటే కాలేజీ సొంత లిస్టు, చాలు. నాలుగో రకం వాళ్లు కూడా ఉన్నారు, అసలు జీఈ అక్కర్లేనివాళ్లు, మన ఆడవాళ్లలో వీళ్లు చాలామందే, వాళ్ల గురించి చివర్లో రాస్తాను.

మనకి ఈ జీఈ అనేది మొదట్లో తలకెక్కదు. మనం పదో తరగతి అవ్వగానే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని విడిపోయి వచ్చినవాళ్లం. ఎంపీసీ తీసుకున్నవాడు బయాలజీ పుస్తకం మళ్లీ తెరవడు. ఇక్కడ డిగ్రీ ఏదైనా సరే ఇంగ్లిష్ రాయడం, మాట్లాడటం, లెక్కలు, కళలు, సమాజం, సైన్సు అన్నీ కొంచెం కొంచెం చదివి తీరాలి. మా వారు మొదట "కంప్యూటర్ సైన్స్ పిల్లాడికి బయాలజీ దేనికి" అని రెండు రోజులు మథనపడ్డారు. దేనికో తర్వాత చూద్దాం, డిగ్రీ కావాలంటే ఎక్కడో ఒకచోట ఇవి చేయక తప్పదు. కమ్యూనిటీ కాలేజీలో చేస్తే రాష్ట్ర నివాసులకి యూనిట్‌కి (క్రెడిట్‌కి) 46 డాలర్లు, 2012 నుంచీ అదే రేటు. క్వార్టర్ పద్ధతిలో నడిచే డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి చోట క్వార్టర్ యూనిట్‌కి 31. యూనివర్సిటీలో చేస్తే దానికి ఎన్నో రెట్లు. అందుకే ఎక్కువమంది జీఈని ఇక్కడే ముగించుకుని వెళ్లాలనుకుంటారు. ఆ ఆలోచన మంచిదే, కానీ అందరికీ ఒకేలా వర్తించదు.

కొత్తది ఏమిటి, పాతది ఏమైంది

2025 ఫాల్‌కి ముందు ట్రాన్స్‌ఫర్‌కి రెండు లిస్టులు ఉండేవి. ఒకటి ఐగెట్సీ, అది యూసీకీ పనికొచ్చేది, సీఎస్‌యూకీ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకీ) పనికొచ్చేది. రెండోది సీఎస్‌యూ బ్రెడ్త్, 39 యూనిట్లు, సీఎస్‌యూకి మాత్రమే. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి కానీ ఒకటి కావు, పిల్లలు అక్కడే దెబ్బతినేవాళ్లు. 2021లో ఏబీ 928 అనే చట్టం వచ్చి, రెండింటి స్థానంలో ఒకే లిస్టు ఉండాలంది. అదే కాల్‌గెట్సీ, 2025 ఫాల్ నుంచి అమల్లోకి వచ్చింది. మొత్తం 11 కోర్సులు, ల్యాబ్‌తో కలిపి 34 సెమిస్టర్ యూనిట్లు. 46 డాలర్ల చొప్పున లెక్కేస్తే 1,564 డాలర్లు, పుస్తకాలూ ఇతర ఫీజులూ కాకుండా.

ఈ మార్పు ఎందుకు మంచిదో మా పెద్దమ్మాయి కథ వింటే తెలుస్తుంది. తను చేరిన మొదటి టర్మ్‌లో కౌన్సెలర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది పదిహేను నిమిషాలు. ఆయన ఒక లిస్టు చేతిలో పెట్టి ఇందులోంచి ఏదైనా తీసుకోమన్నారు. ఆరోగ్యం మీద ఒక కోర్సు ఉంటే బాగుందని తీసుకుంది, కష్టపడి చదివింది, ఏ వచ్చింది. తీరా ఏడాది తర్వాత చూస్తే ఆ కోర్సు సీఎస్‌యూ లిస్టులో లైఫ్‌లాంగ్ లెర్నింగ్ కింద లెక్కకొస్తుంది, ఐగెట్సీలో ఏ గడిలోకీ రాదు. తనకేమో యూసీకి వెళ్లాలని ఉంది. యూనిట్లు వృథా కాలేదు కానీ ఒక కోర్సు స్థలం పోయింది, ఆఖరి టర్మ్‌లో బయాలజీ ల్యాబ్‌తో పాటు మరో మూడు కోర్సులు ఒకేసారి మోయాల్సి వచ్చింది. ఆ మూడు నెలలు ఇంట్లో ఎంత టెన్షనో నాకే తెలుసు. కొత్త లిస్టులో ఆ లైఫ్‌లాంగ్ లెర్నింగ్ భాగమే లేదు. యూసీ, సీఎస్‌యూ రెండింటికీ ఒకటే కాబట్టి ఎక్కడికి వెళ్లాలో ఇంకా తేల్చుకోని పిల్లకి కూడా భయం లేదు.

2025 ఫాల్‌కి ముందు చేరి, మధ్యలో మానేయకుండా చదువుతున్నవాళ్లు పాత లిస్టుతోనే ముగించుకోవచ్చు. దీన్ని క్యాటలాగ్ రైట్స్ అంటారు. మధ్యలో విరామం తీసుకున్నవాళ్లకి ఈ హక్కు పోయే అవకాశం ఉంది, అది కాలేజీలో రాతపూర్వకంగా అడిగి తేల్చుకోండి. పాత లిస్టు దాదాపు అయిపోయిందా, దాంతోనే వెళ్లండి. ఇప్పుడే మొదలుపెట్టారా, కొత్తదే పట్టుకోండి.

కాల్‌గెట్సీలో ఏమేం ఉంటాయి, ఎక్కడ జారిపోతారు

ఆరు విభాగాలు. మొదటిదే పెద్దది: ఇంగ్లిష్ కాంపొజిషన్, ఆ తర్వాత క్రిటికల్ థింకింగ్‌తో కూడిన రచన, ఇంకా ఓరల్ కమ్యూనికేషన్, అంటే నలుగురిలో మాట్లాడే కోర్సు. పాత ఐగెట్సీలో యూసీకి మాత్రమే వెళ్లేవాళ్లకి ఈ ఓరల్ కమ్యూనికేషన్ అక్కర్లేదు, ఇప్పుడు అందరికీ ఉంది. ఇంగ్లిష్‌లో రెండో కోర్సుకి మొదటిది పాసవ్వాలి కాబట్టి వరసలో ఆలస్యమైతే అంతా ఆలస్యమే. మొదటి టర్మ్‌లోనే ఇంగ్లిష్ పెట్టించండి, ఇందులో మరో మాట లేదు.

లెక్కల్లో ఒక కోర్సు. స్టాటిస్టిక్స్ అయినా సరే, కాల్‌క్యులస్ అయినా సరే, మేజర్‌కి ఏది కావాలో అదే తీసుకుంటే ఒక దెబ్బకి రెండు పిట్టలు. సైకాలజీ, సోషియాలజీ వాళ్లకి స్టాటిస్టిక్స్. ఇంజినీరింగ్ వాళ్లు కాల్‌క్యులస్ ఎలాగూ చేస్తారు.

ఆర్ట్స్ ఒకటి, హ్యుమానిటీస్ ఒకటి. ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు, పిల్లలకి నచ్చింది తీసుకోనివ్వండి.

సోషల్ సైన్సెస్‌లో రెండు కోర్సులు, అవి రెండు వేర్వేరు సబ్జెక్టుల నుంచి ఉండాలి. బిజినెస్ మేజర్ పిల్లలు మైక్రో ఎకనామిక్స్, మాక్రో ఎకనామిక్స్ రెండూ ఎలాగూ చేస్తారు, దాంతో ఈ విభాగం అయిపోయిందనుకుంటారు. అవ్వలేదు. రెండూ ఎకనామిక్సే కాబట్టి ఒక్కటే లెక్కలోకి వస్తుంది, రెండోది సైకాలజీయో పొలిటికల్ సైన్సో తీసుకోవాలి. సీఎస్‌యూకి వెళ్లాలనుకునేవాళ్లకి ఇక్కడ ఒక మంచి ఉపాయం ఉంది. సీఎస్‌యూలో డిగ్రీ చేతికి రావాలంటే అమెరికన్ ఇన్‌స్టిట్యూషన్స్ అని మరో షరతు ఉంటుంది, అమెరికా చరిత్ర, రాజ్యాంగం, రాష్ట్ర ప్రభుత్వం గురించి చదివి ఉండాలి. అమెరికన్ గవర్నమెంట్ కోర్సు ఒకటి, అమెరికా చరిత్ర కోర్సు ఒకటి సరైనవి చూసి తీసుకుంటే జీఈ గడులూ నిండుతాయి, ఈ షరతూ తీరుతుంది. ఇది తెలియక వెళ్లి, యూనివర్సిటీ ఫీజు కట్టి అక్కడ చేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

సైన్సులో ఫిజికల్ సైన్సు ఒకటి, బయాలజీ వైపు ఒకటి, రెండింట్లో ఏదో ఒకదానికి ల్యాబ్. ల్యాబ్ అంటే భయపడి రెండూ ల్యాబ్ లేనివి తీసుకునే పిల్లలున్నారు. ఆఖర్లో ఒక్క యూనిట్ ల్యాబ్ కోసం మళ్లీ వెతుక్కోవాలి, ఆ ల్యాబ్ తీసుకున్న లెక్చర్ కోర్సుకి సంబంధించిందే అయ్యుండాలి, అది ఆ టర్మ్‌లో నడవకపోవచ్చు. ల్యాబ్‌తో కలిసి ఉన్న నాలుగు యూనిట్ల కోర్సు ఒకటి మొదట్లోనే తీసుకుంటే గొడవ వదిలిపోతుంది.

ఆరోది ఎథ్నిక్ స్టడీస్. దీని మీద మన ఇళ్లలో విసుగు ఎక్కువ, "ఇది దేనికి ఉపయోగం" అని. 2020లో ఏబీ 1460 అనే చట్టంతో మొదట సీఎస్‌యూకి వచ్చింది, ఇప్పుడు కాల్‌గెట్సీలో భాగం. ముందు తప్పు జరిగే చోటు చెప్తాను. ఆసియా చరిత్ర, ప్రపంచ మతాలు లాంటివి తీసుకుంటే ఈ గడి నిండదు. నేటివ్ అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్, ఏషియన్ అమెరికన్, లాటినో, ఈ నాలుగు సమాజాల గురించి, ఈ విభాగానికని ఆమోదం పొందిన కోర్సే ఉండాలి. ఇక ఉపయోగం సంగతి. మా అమ్మాయి ఏషియన్ అమెరికన్ స్టడీస్ తీసుకుంది. ఒకరోజు భోజనాల దగ్గర భగత్ సింగ్ థిండ్ కేసు గురించి చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి, 1923లో సుప్రీంకోర్టు ఆయన పౌరసత్వానికి అర్హుడు కాడంది, భారతీయులు తెల్లవాళ్ల కింద రారు కాబట్టి. 1946 దాకా భారతీయులకి ఇక్కడ పౌరసత్వం తలుపులు మూసే ఉన్నాయి. ఆ తర్వాత పదేళ్లకి, 1956లో, ఇదే కాలిఫోర్నియా నుంచి దలీప్ సింగ్ సౌంద్ కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు. గ్రీన్‌కార్డ్ లైన్‌లో పదమూడేళ్లుగా కూర్చున్న మా వారు తినడం ఆపి విన్నారు. మూడు యూనిట్ల కోర్సు మా ఇంట్లో తెచ్చిన మాటలు ఇంకే కోర్సూ తేలేదు. అందుకే ఇది మొక్కుబడిగా చేయించకండి, మంచి ప్రొఫెసర్ దగ్గర చేయించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి గ్రేడు. కాల్‌గెట్సీలో ప్రతి కోర్సులో కనీసం సీ రావాలి. సీ మైనస్ చెల్లదు. పాత సీఎస్‌యూ లిస్టు కొన్ని చోట్ల ఇంకాస్త ఉదారంగా ఉండేది, ఆ మాటలు విని ఇప్పుడు తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ పిల్లలకి ఎందుకు వేరు

ఇది జాగ్రత్తగా చదవండి, మనవాళ్ల పిల్లలు చాలామంది ఇక్కడే ఉంటారు.

మా చిన్నోడికి కంప్యూటర్ సైన్స్ కావాలి, యూసీ కావాలి. వాడి మేజర్ కోర్సుల లిస్టే చాంతాడంత: కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, చాలా క్యాంపస్‌లకి ఫిజిక్స్ కూడా. వీటికి ఒకదాని తర్వాత ఒకటి అని వరస ఉంటుంది, ఒకేసారి చేయడానికి కుదరదు. ఇవి పూర్తికాకుండా 11 జీఈ కోర్సులూ పూర్తిచేసి అప్లై చేస్తే అడ్మిషన్ చూసేవాళ్లకి అది గొప్పగా కనపడదు. వాళ్లు ముందు చూసేది మేజర్‌కి కావలసిన కోర్సులు అయ్యాయా, అందులో గ్రేడ్లు ఎలా ఉన్నాయి అనే.

యూసీకి ట్రాన్స్‌ఫర్ అవ్వడానికి కనీసం కావలసింది ఏడు కోర్సుల లెక్క: ఇంగ్లిష్ రెండు, లెక్కలు ఒకటి, మిగతా నాలుగు ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, సైన్సులు అనే మూడింట్లో కనీసం రెండు విభాగాల నుంచి. దాంతో పాటు 60 సెమిస్టర్ యూనిట్లు లేదా 90 క్వార్టర్ యూనిట్లు. ఇప్పుడు మా వాడి లెక్క చూడండి. కాల్‌క్యులస్ లెక్కల కింద పోయింది. ఫిజిక్స్ మూడు కోర్సులు సైన్సు కింద పోయాయి. మిగిలినవి ఇంగ్లిష్ రెండు, మరో విభాగం నుంచి ఒకటి. అంటే మేజర్ కాకుండా బయట చేయాల్సింది మూడే కోర్సులు! కాల్‌గెట్సీ మొత్తం చేయాలంటే వీటి మీద ఓరల్ కమ్యూనికేషన్, ఆర్ట్స్, హ్యుమానిటీస్, బయాలజీ, ఇంకో సోషల్ సైన్స్, ఎథ్నిక్ స్టడీస్ కలుస్తాయి. ఆరు కోర్సుల తేడా. రెండేళ్ల చదువులో ఆరు కోర్సులంటే చిన్న సంగతి కాదు.

మరి జీఈ వదిలేసి వెళ్తే అక్కడికెళ్లాక చేయాలి కదా అంటారు. చేయాలి. కానీ ఇంజినీరింగ్ కాలేజీల్లో వాళ్ల సొంత జీఈ సాధారణంగా చిన్నదిగా ఉంటుంది. బర్కిలీ ఇంజినీరింగ్ లాంటి చోట మేజర్ కోర్సులు వదిలి జీఈ లిస్టు పూర్తిచేసి రమ్మని వాళ్లే సలహా ఇవ్వరు. అందుకని వెళ్లాలనుకునే మూడు నాలుగు క్యాంపస్‌ల పేర్లు రాసుకుని, అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరిచి, మీ కాలేజీ పేరూ ఆ క్యాంపస్ పేరూ మేజరూ పెట్టి చూడండి. ఏ కోర్సుకి ఏ కోర్సు సమానమో అధికారికంగా చెప్పేది అదొక్కటే. వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన లిస్టులు ఏ సంవత్సరానివో ఎవరికీ తెలీదు.

అదే పిల్లాడు సీఎస్‌యూకి, శాన్ హోసే స్టేట్‌కో ఫుల్లర్టన్‌కో వెళ్లాలనుకుంటే లెక్క మారుతుంది. సీఎస్‌యూకి వెళ్లే ముందే ఇంగ్లిష్ కాంపొజిషన్, ఓరల్ కమ్యూనికేషన్, క్రిటికల్ థింకింగ్, లెక్కలు, ఈ నాలుగూ అయిపోవాలి. వీటిని గోల్డెన్ ఫోర్ అంటారు. ఇది లేకుండా ఎంత మంచి గ్రేడ్లున్నా దారి మూసుకుపోతుంది. సీఎస్‌యూకి ఇంకో మంచి దారి అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్, 2010లో ఎస్‌బీ 1440 చట్టంతో వచ్చింది. కాల్‌గెట్సీ, మేజర్ కోర్సులు కలిపి 60 యూనిట్లతో ఈ డిగ్రీ తీసుకుంటే సీఎస్‌యూ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు గ్యారంటీ. ఎక్కడో ఒకచోట అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, కోరుకున్న క్యాంపస్‌లో కోరుకున్న మేజర్ అని కాదు. యూసీ వైపు ఇలాంటిది టాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ): డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింట్లో ఒకదానికి సెప్టెంబర్‌లో పెట్టుకోవచ్చు. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్ డియాగోలకి టాగ్ లేదు. డేవిస్‌లో కూడా మేజర్ షరతులు, గ్రేడ్ పాయింట్ షరతులు చూసుకోవాలి, కొన్ని మేజర్లకి అసలు వర్తించదు.

స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ లాంటి ప్రైవేట్ వాటి మీద ఆశ ఉంటే కాల్‌గెట్సీ కాగితానికి అక్కడ అదే విలువ ఉండదు. వాళ్ల జీఈ వాళ్లది, కోర్సు కోర్సుకీ చూస్తారు.

లోకల్ జీఈ ఎవరికి

కమ్యూనిటీ కాలేజీ సొంత అసోసియేట్ డిగ్రీకి ఇప్పుడు కనీసం 21 యూనిట్ల జీఈ. ఇంగ్లిష్, ఓరల్ కమ్యూనికేషన్ లేదా క్రిటికల్ థింకింగ్, లెక్కలు, ఆర్ట్స్ లేదా హ్యుమానిటీస్, సోషల్ సైన్స్, సైన్స్, ఎథ్నిక్ స్టడీస్, ఒక్కోటి మూడు యూనిట్ల చొప్పున. కొన్ని కాలేజీలు దీనిపైన తమ సొంత షరతు ఒకటి రెండు కలుపుతాయి. 34తో పోలిస్తే 13 యూనిట్లు తక్కువ, డబ్బులో సుమారు 600 డాలర్లు, సమయంలో దాదాపు ఒక టర్మ్.

అకౌంటింగ్, మెడికల్ అసిస్టింగ్, ఎక్స్‌రే టెక్నాలజీ లాంటి వాటిలో డిగ్రీ తీసుకుని నేరుగా పనిలోకి వెళ్లేవాళ్లకి ఇది సరిపోతుంది. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లకి "ట్రాన్స్‌ఫర్ వద్దులే" అని ఇది పెట్టించడానికి నేను ఒప్పుకోను. ఏడాది తిరిగేసరికి మనసు మారుతుంది. లోకల్ లిస్టులో ఉన్న కోర్సులన్నీ కాల్‌గెట్సీలో ఉండవు, కాల్‌గెట్సీలో ఉన్నవి మాత్రం సాధారణంగా లోకల్ డిగ్రీకి కూడా చెల్లుతాయి. అందుకని ఏ కోర్సు తీసుకున్నా రెండు లిస్టుల్లోనూ ఉన్నది చూసుకుని తీసుకుంటే రేపు ఎటు తిరిగినా నష్టం ఉండదు.

ఇండియాలో చదివి వచ్చినవాళ్లకి

ఇది ఎవరూ ముందు చెప్పరు. ఇండియాలో రెండేళ్లో మూడేళ్లో డిగ్రీ చదివి, ఇక్కడ కొనసాగించాలనుకునేవాళ్లు అక్కడి ఇంగ్లిష్, మ్యాథ్స్ కోర్సుల్ని కాల్‌గెట్సీలోకి పెట్టుకోవడం కుదరదు. అమెరికాలో గుర్తింపు ఉన్న కాలేజీలో చేసినవే ఆ లిస్టుకి చెల్లుతాయి. లోకల్ డిగ్రీకి మాత్రం కాలేజీని బట్టి కొంత పరిగణిస్తారు. కాబట్టి బీకామ్ సగంలో ఆపి వచ్చిన అమ్మాయికి, ఇక్కడ అకౌంటింగ్ అసోసియేట్ డిగ్రీయే లక్ష్యమైతే, లోకల్ జీఈ చాలా కలిసొస్తుంది. ముందు ట్రాన్‌స్క్రిప్ట్ ఎవాల్యుయేషన్, అంటే అక్కడి మార్కుల్ని ఇక్కడి లెక్కలోకి మార్చే రిపోర్టు, చేయించి, ఆ రిపోర్టు పట్టుకుని కౌన్సెలర్ దగ్గరకి వెళ్లాలి. ఎవాల్యుయేషన్ రాకముందే ఇంగ్లిష్ కోర్సులో చేరిపోతే చదివిందే మళ్లీ చదవాల్సి రావచ్చు.

ఇక జీఈయే అక్కర్లేనివాళ్లు. మన అపార్ట్‌మెంట్లలో ఉండే ఎంతోమంది ఆడవాళ్లు ప్రీస్కూల్‌లో టీచర్‌గా చేరాలని అడుగుతారు. మొన్న పక్కింటి వదిన అయితే "11 కోర్సులు చేయాలంట కదా, నా వల్ల కాదులే" అని వదిలేసుకుంది. వదినా, అది వేరు ఇది వేరు అని కూర్చోబెట్టి చెప్పాను. కాలిఫోర్నియాలో చైల్డ్ కేర్ సెంటర్ టీచర్‌కి కావలసింది ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్‌లో 12 యూనిట్లు, అంటే నాలుగు కోర్సులు. జీఈ లేదు. పై మెట్టు, చైల్డ్ డెవలప్‌మెంట్ టీచర్ పర్మిట్ కావాలంటే ఆ సబ్జెక్టులో 24 యూనిట్లు, జీఈ 16 యూనిట్లు, పని అనుభవం. అప్పుడు ఇంగ్లిష్, లెక్కలు లేదా సైన్సు, సోషల్ సైన్స్, హ్యుమానిటీస్ నుంచి చేస్తే చాలు. హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల భార్య లేదా భర్తకి, పిల్లలకి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, ఉద్యోగం చేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, చేతిలో ఉండాలి.

హెచ్-4 మీద ఉన్న పిల్లల విషయంలో ఇంకో సంగతి. 21 నిండేసరికి గ్రీన్‌కార్డ్ రాకపోతే ఆ స్టేటస్ పోతుంది, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారితే ఫీజు కూడా నాన్‌రెసిడెంట్ లెక్కకి వెళ్లొచ్చు, పైగా ఫుల్‌టైమ్ లెక్కకి టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సే చెల్లుతుంది. అలాంటి పిల్లలకి ఒక్క టర్మ్ ఆలస్యం కూడా ఖరీదైనదే. లిస్టు తప్పు పట్టుకోవడం వాళ్లు భరించలేరు. పుట్టినరోజు తేదీ పక్కన పెట్టుకుని టర్మ్‌ల ప్లాన్ వేయండి.

తీసుకునే ముందు కొన్ని మాటలు

హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లు మూడు, ఆపైన ఉంటే కాల్‌గెట్సీలో చాలా గడులు నిండుతాయి. మా వాడికి కాల్‌క్యులస్, సైకాలజీ అలాగే పోయాయి. కానీ క్రిటికల్ థింకింగ్, ఓరల్ కమ్యూనికేషన్‌లకి ఏపీ పనికిరాదు. స్కోర్లు కాలేజీ బోర్డు నుంచి అధికారికంగా కాలేజీకి పంపాలి, మార్కుల స్క్రీన్‌షాట్ చూపిస్తే ఎక్కించరు. జీఈ గడి నిండినంత మాత్రాన మేజర్‌కి కూడా ఆ ఏపీ చెల్లుతుందని కాదు, అది క్యాంపస్‌ని బట్టి.

హైస్కూల్లో ఉండగానే వేసవిలో కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చేయించడం మనవాళ్లలో బాగా పెరిగింది. చేయించండి, కానీ అందులో వచ్చిన గ్రేడు జీవితాంతం కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది. పదో క్లాసు పిల్లాడికి రెండు కోర్సులు ఒకే వేసవిలో కుక్కి సీ తెప్పించుకోవడం కంటే ఒక్కటి పెట్టి ఏ తెప్పించుకోవడం మేలు.

ఒక కాలేజీలో సీటు దొరక్కపోతే పక్క కాలేజీలో తీసుకోవచ్చు. ఓలోనీలో ఒకటి, మిషన్‌లో ఒకటి, లాస్ పొసిటాస్ ఆన్‌లైన్‌లో ఒకటి, ఇబ్బంది లేదు. కాకపోతే ఆ కోర్సు నేర్పిన కాలేజీ దాన్ని ఏ విభాగంలో పెట్టిందో అదే లెక్క, మీ కాలేజీ లిస్టు కాదు. తీసుకున్న సంవత్సరానికి అది లిస్టులో ఉందా లేదా అసిస్ట్‌లో చూడాలి. ఇప్పుడు ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, సైకాలజీ, అమెరికన్ గవర్నమెంట్ లాంటి వాటికి రాష్ట్రమంతా ఒకే నంబర్లు వస్తున్నాయి, ఇంగ్లిష్ సీ1000, స్టాట్ సీ1000 ఇలా, కాబట్టి వెతకడం కొంత తేలికైంది.

ఏ కోర్సు తేలిక అని అడుగుతారు చాలామంది. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న తరం మనది, ఆ అలవాటు అంత తొందరగా పోదు. తప్పేం కాదు, గ్రేడ్ పాయింట్ ముఖ్యమే. కాకపోతే తేలిక అనేది కోర్సుని బట్టి కంటే పిల్లని బట్టి ఉంటుంది. మా అమ్మాయికి అందరూ సులభమన్న ఆర్ట్ హిస్టరీ చుక్కలు చూపించింది, కష్టమన్న ఫిలాసఫీలో ఏ ప్లస్ వచ్చింది. మేజర్‌లో కష్టమైన కోర్సులు రెండు ఉన్న టర్మ్‌లో జీఈ ఒకటే పెట్టండి, మిగతావి వేసవికి తోయండి.

చివరిగా, ఆఖరి టర్మ్‌లో చేయాల్సిన పని. 11 కోర్సులూ అయిపోతే కాల్‌గెట్సీ పూర్తయినట్టు దానంతట అదే యూనివర్సిటీకి వెళ్లిపోతుందని అనుకోవద్దు. సర్టిఫికేషన్ అని ఒక ఫారం ఉంటుంది, ఆఖరున చదివిన కమ్యూనిటీ కాలేజీలో దాన్ని అడిగి, వేరే కాలేజీల ట్రాన్‌స్క్రిప్టులూ ఏపీ స్కోర్లూ వాళ్ల దగ్గరికి చేరాయో లేదో చూసుకుని, ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు పంపించమనాలి. మా అమ్మాయి తన ఐగెట్సీకి ఇలాంటి ఫారం మే నెలలోనే పెట్టింది, జూలైలో యూనివర్సిటీ పోర్టల్‌లో జీఈ పూర్తయినట్టు కనిపించాకే ఆ ఫైలు మూసింది. చిన్నోడు కాల్‌గెట్సీ పూర్తి చేయట్లేదు కాబట్టి వాడికి ఆ ఫారం అవసరం రాకపోవచ్చు, ఏపీ స్కోర్లు మాత్రం మొదటి టర్మ్‌లోనే కాలేజీకి పంపించాం.